ఐర్లండు మెటల్ సంగీతము: ఒక బృందము, పది ఆల్బములు

ఒక గాయకుని పాటను తొలినాటినుండి విని, దానిని తన సొంత ఆస్తివలె భావించి, నడుమ ఆ గాయకుడు బాణీ మార్చుకొనగా "అయ్యో, వెనుకటి పాట యేమాయెను?" అని నొచ్చుకొనని సంగీతప్రియుడు అరుదు. మన కచేరీలలో ఈ మాట తరచుగా వినుచునే యున్నాము. నేడు నేను చెప్పబూనిన విషయము మాత్రము మన నేలకు చాల దూరమైనది. ఐర్లండు దేశమందు డబ్లిన్ నగరమునకు ఉత్తరముగా, సముద్రపు టొడ్డున, స్కెరీస్ అను చిన్న యూరు కలదు. ఆ యూరి కుర్రవాండ్రు 1987లో ఆరంభించిన ప్రైమోర్డియల్ అను మెటల్ సంగీతబృందము 1995 మొదలు 2023 వరకు పది ఆల్బములు వెలువరించినది. ఈ పదింటిలో ఏది గొప్పది? బృందము ఎదిగినదా, దారి తప్పినదా? ఈ వాదము అభిమానులలో ఎడతెగక సాగుచున్నది. ఆ వాదమును మీ ముందుంచి, అట్టి మార్పును వినవలసిన తీరేదియో నాకు తోచినంత విన్నవించుట ఈ ప్రసంగమున నా యుద్దేశము.

ఈ సంగీతము నాకు తెలిసిన విధమును ముందుగా చెప్పుట న్యాయము. నేను కర్ణాటక సంగీతము విని పెరిగినవాడను; గిటారు మ్రోత చెవిని బడినచో కిటికీ మూయుట నా యలవాటు. నా మేనల్లుడు డబ్లిన్‌లో ఉద్యోగము చేయుచున్నాడు. ఒక సంక్రాంతికి ఆతడు భార్యతో మా యింటికి వచ్చెను. ఆతని కాలేజీనాటి మిత్రుడొకడు చూడవచ్చెను. భోజనములైన పిమ్మట వసారాలో కూర్చుండి ఆ మిత్రులిద్దరు ఈ బృందమును గూర్చి మొదలుపెట్టిన తగవు అర్ధరాత్రి దాటినను తెమలలేదు. నాకు నిద్ర పట్టలేదు. చేయునది లేక నేనును పోయి వారి నడుమ కూర్చుంటిని. "మామయ్యా, మీరే తీర్పు చెప్పండి" అని మేనల్లుడు ఒక పాట వినిపించెను. వినకుండ తీర్పు చెప్పరాదు గదా! ఆ రాత్రి మొదలైన వినికిడి పిదప కొన్ని నెలలు సాగినది. తీర్పు మాట కడపట చెప్పెదను.

మొదట మెటల్ సంగీతమనగా నేమో రెండు మాటలు. దీని పుట్టుక ఇంగ్లండులో కర్మాగారములకు పేరువడిన బర్మింగ్‌హామ్ నగరమున జరిగినది. అచ్చటి బ్లాక్ సబ్బత్ బృందము తన తొలి ఆల్బమును 1970లో వెలువరించెను. ఆ బృందపు గిటారు వాద్యకుడు టోనీ ఐయోమీ అంతకుముందు రేకుల కర్మాగారమున పనిచేయుచు కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొనెను. ఆతడు ఎడమచేతి వాటమువాడగుటచే తీగలను నొక్కవలసిన చేయి అదియే. వ్రేళ్లకు తొడుగులు వేసికొని, పలుచని తీగలు కట్టి, పోను పోను తీగలను వదులుచేసి శ్రుతి దించి వాయించెను. ఆ లోతైన బరువు ధ్వనియే మెటల్ సంగీతమునకు పునాదులలో నొకటి. ఆ బృందమునకు చాలపాటలు వ్రాసిన గీజర్ బట్లర్ తలిదండ్రులు డబ్లిన్ వారగుట గమనింపదగినది.

ఈ ధ్వనిలోని రహస్యము మన శ్రోతలకు సులభముగ బోధపడును. విద్యుద్‌గిటారు ధ్వనిని దాని శక్తికి మించి పెద్దదిచేసినచో ధ్వనితరంగముల శిఖరములు తెగి, మూలస్వరమందు లేని ఉపస్వరములెన్నో పుట్టుకొనివచ్చును. అందువలన ఆ గరగర. ఇట్టి ధ్వనితో పెక్కు స్వరములను ఒక్కమారు మ్రోగించినచో అంతయు కలగాపులగమగును. కావున మెటల్ వాద్యకులు తరచుగా రెండే స్వరములను జతగూర్తురు. అవి యేవియో తెలియునా? షడ్జమును, పంచమమును. మన తంబురాలో మ్రోగునవి కూడ ఇవియే గదా! ఈ సంగతి తెలిసిననాడు నేను మూసిన కిటికీ తెరచితిని.

1980లలో ఇంగ్లండులోని వెనమ్, స్వీడనులోని బాథరీ మొదలగు బృందములు వేగమును, కర్కశత్వమును హెచ్చించి బ్లాక్ మెటల్ అను శాఖకు దారితీసినవి. 1990ల ఆరంభమున నార్వే యువకులు దానికొక రూపు దిద్దిరి. ఇందు గాయకుడు పాడుటకన్న అరచుటయే మిక్కిలి. గిటారు వాద్యకుడు ఒకే స్వరమును నిలుపుటకు తీగను వెంటవెంట మీటుచుండును. మాండలిన్ వాద్యమందు ఈ పద్ధతిని మనవారెరుగుదురు. డ్రమ్ములు వడగండ్లవలె కురియును. ఇక బాథరీ బృందమే 1990లో హామర్‌హార్ట్ అను ఆల్బమున వేగము తగ్గించి గాథాగానపు నడక పట్టినది. ఈ రెండు మార్గములును ప్రైమోర్డియల్ బృందమునకు ఆదర్శములైనవి.

ఐర్లండులో దీనికి పూర్వరంగము లేకపోలేదు. 1969లో డబ్లిన్‌లో వెలసిన థిన్ లిజ్జీ బృందము, ఫిల్ లైనట్ నాయకత్వమున, జంట గిటారుల వాద్యమునకు ప్రపంచఖ్యాతి తెచ్చినది. 1979నాటి బ్లాక్ రోజ్ ఆల్బములోని కడపటి రచనలో ఐర్లండు జానపద వరుసలను రాకు సంగీతముతో మేళవించిరి. హార్స్‌లిప్స్ అను మరియొక బృందము 1973లో తమ దేశపు ప్రాచీన వీరగాథను ద టేన్ అను ఆల్బముగా కూర్చిరి. 1992లో డబ్లిన్‌లో పుట్టిన క్రూఖన్ బృందము పిల్లనగ్రోవిని, జానపద వాద్యములను మెటల్ గిటారుల సరసన నిలిపినది. దేశీయత కావలెనన్నచో దేశీయ వాద్యములు తేవలెనని వీరి మతము. ప్రైమోర్డియల్ వారిది వేరు మతము. ఆ భేదమే వారి కథకు మూలము.

ఈ బృందమును ఆరంభించినవారు బేస్ గిటారు వాయించు పోల్ మకామ్లీ, గిటారు వాయించు కీరన్ మకుల్లియమ్. 1991లో గాయకుడు ఆలన్ ఆవెరిల్ వచ్చి చేరెను. పది ఆల్బములందును ఈ మువ్వురు స్థిరముగా నున్నారు. ఆవెరిల్ పెట్టుకొన్న రంగస్థల నామము నెమ్‌థియాంగా. 'విషపు నాలుక' అని దాని యర్థము. ప్రాచీన ఐరిష్ గాథలలో బ్రిక్రియు అనువానికి ఇది బిరుదము. మన నారదునివలె తగవులు పెట్టువాడే గాని, నారదుని లోకకల్యాణబుద్ధి లేనివాడు.

1993లో ఒక నమూనా టేపు, 1995లో తొలి ఆల్బము ఇమ్రమ వెలువడెను. ఇమ్రమ అనగా ప్రాచీన ఐరిష్ వాఙ్మయమున సముద్రయాన కథలు. తెడ్డువేయుట అను మాటనుండి ఆ పేరు వచ్చినది. ఇందు అరుపులు, వేగము, కర్కశత్వము బ్లాక్ మెటల్ పద్ధతివే. 'ఫిల్ ఆర్స', అనగా ప్రాచీన రక్తము, అని ఐరిష్ పేరుగల పాట యొకటి యిందున్నది. ఈ ఆల్బమును మొదటిమారు విన్నప్పుడు నాకు గాలివానలో తలుపులు కొట్టుకొన్నట్లుండెను. మేనల్లుడు నవ్వి, "డ్రమ్ములు మాత్రము లెక్కపెట్టండి" అనెను. లెక్కపెట్టితిని. తకిట తకిట, తకిట తకిట! తిశ్రగతి!

శ్రోతలారా, ఇచ్చటనే ఈ బృందపు కిటుకు దొరకినది. మెటల్ సంగీతమున అధికభాగము చతురశ్రగతిలో నడచును. ప్రైమోర్డియల్ వారి పాటలలో పెక్కింట మూడేసి మాత్రలు రెండు జట్లుగా, ఆరు లెక్కలో, ఊగుచు నడచును. ఐర్లండు పల్లెలలో జిగ్ అను నృత్యమునకు ఈ లెక్కయే. పడవలో తెడ్డు వేయువాని భుజముల ఊపుకూడ ఇట్టిదే. రెండవది శ్రుతి. పాట యెటు పోయినను కొన్ని తీగలను నొక్కక విడిచి మ్రోగించుటచే ఒక ఆధారస్వరము అడుగున నిలిచియుండును. ఐర్లండు బ్యాగ్‌పైపులో నిడుపుగ మ్రోగు గొట్టములు చేయు పనియు నిదియే. మూడవది గాత్రము, దానిని గూర్చి ముందు చెప్పెదను. ఈ విధముగ వీరు పిల్లనగ్రోవిని తెచ్చి పెట్టకయే, దేశవాళి నడకను విద్యుద్‌గిటారుల లోపల దాచిరి. వేషము పరదేశపుది, నడక ఇంటిది.

రెండవ ఆల్బము ఎ జర్నీస్ ఎండ్ 1998లో వచ్చినది. వేగము తగ్గినది, విద్యుచ్ఛక్తి లేని గిటారు మృదుధ్వనికి చోటు హెచ్చినది, అరుపుల నడుమ గాయకుడు గొంతువిప్పి పాడసాగెను. "బ్లాక్ మెటల్ విడిచిరి" అని తొలి అభిమానులలో కొందరు గొణిగిరట. 2000లో స్పిరిట్ ది ఎర్త్ అఫ్లేమ్ వెలువడెను. ఇందు రెండు మార్గములును కలిసినవి. 'గాడ్స్ టు ది గాడ్‌లెస్' అను పాటలో డ్రమ్ముల తిశ్రగతి ముందు నిలిచి, దానిపై గిటారులు అలలవలె లేచి పడును. నా మేనల్లునికి ఇదియే శిఖరము. "దీని తరువాత వాళ్లు చేసినదంతా దీని నీడే" అని ఆతడు బల్లగుద్ది చెప్పెను.

2002నాటి స్టార్మ్ బిఫోర్ కామ్ మరల వేగమువైపు మొగ్గినది. పది ఆల్బములలో మిక్కిలి ఉగ్రమైనవానిలో ఇది యొకటి. కడపటి రచన పేరు 'హోస్టింగ్ ఆఫ్ ది షీ'. ఐర్లండు మహాకవి యేట్సు కవిత కొకదానికి ఇదే పేరు. షీ అనగా ఆ దేశపు దిబ్బలలో వసించు దేవజాతి. బృందము వెనుకకు మరలినదని కొందరు సంతసించిరి, కొందరు విసుగుకొనిరి. ఈ ఆల్బము పేరు 'ప్రశాంతికి ముందు తుఫాను' అని యర్థమిచ్చును. పిదప వచ్చినది మాత్రము ప్రశాంతి గాదు; దానికన్న బరువైనది.

2005లో అమెరికాలోని మెటల్ బ్లేడ్ కంపెనీ ద్వారా ద గ్యాదరింగ్ విల్డర్‌నెస్ వెలువడెను. నడక మందగించెను. గిటారులు మేఘములవలె క్రమ్ముకొనెను. అందు 'ద కాఫిన్ షిప్స్', అనగా శవపేటికల ఓడలు, అను పాట సుమారు 10 నిమిషముల నిడివి గలది. ఆ రాత్రి మేనల్లుని మిత్రుడు నాకు మొట్టమొదట వినిపించిన పాట యిదియే. దీనిని తెలిసికొనవలెనన్నచో ఐర్లండు చరిత్రలో కొంత తెలిసికొనవలయును.

1845లో ఐర్లండున బంగాళదుంప పంటకు తెగులు సోకెను. బీదలకు ఆ దుంపయే అన్నము. తెగులు ఏటేట మరలివచ్చెను. 1852 వరకు సాగిన ఆ క్షామమున సుమారు 10 లక్షల జనులు ఆకలిచేతను, జ్వరములచేతను మరణించిరి. అంతకు మించినవారు దేశము విడిచిరి. 1841 జనాభాలెక్కలో 81 లక్షలకు పైబడియున్న జనులు 1851 లెక్కనాటికి 65 లక్షలకు దిగిరి. ఆ యేండ్లలోనే ఐర్లండునుండి ధాన్యమును, పశువులును ఇంగ్లండునకు ఎగుమతి యగుచుండెను. వలసపోవువారి నెక్కించుకొన్న ఓడలలో జ్వరములు ప్రబలి అనేకులు దారిలోనే మరణించిరి. అందుచే ఆ యోడలకు శవపేటికల ఓడలని పేరు వచ్చెను. కెనడాలోని గ్రోస్ ఈల్ అను ద్వీపమున 1847లో చేరినవారిలో వేలమంది అచ్చటనే సమాధియైరి. ఐర్లండు పశ్చిమతీరమున మేయో జిల్లాలో, క్రోఖ్ పాట్రిక్ కొండ పాదమున, అట్టి యోడ రూపమున కంచు స్మారకమొకటి 1997లో నెలకొల్పబడినది. దాని తెరచాపల త్రాళ్ల చోట అస్థిపంజరములు వ్రేలాడుచుండును.

మా యింట పెద్దలు ధాత కరువు మాట వచ్చినప్పుడు గొంతు తగ్గించి మాటాడెడివారు. 1876లో మొదలై దత్తమండలములను నమిలివేసిన ఆ కరువును, ఐర్లండు క్షామమును చూచుచున్న సర్కారు ఒక్కటియే, లండనునందలిది. మా పెద్దలకు ఆ కథ చెప్పుటకు సిగ్గు. ఆకలితో మనుష్యుడు చేసిన పనులు చెప్పుకొనదగినవి గావు. ఈ పాటలో గాయకుడు గొంతు తగ్గింపలేదు. హెచ్చించెను. నేను విడిచియుంచిన మూడవ విషయము, గాత్రము, ఇచ్చటిది. ఐర్లండులో మృతుని చుట్టు జేరి స్త్రీలు శోకములు పెట్టు ఆచారముండెడిది. దానిని కీనింగ్ అందురు. మతాధికారులు ఒప్పుకొనకపోవుటచేతను, కాలము మారుటచేతను అది 20వ శతాబ్ది ఆరంభమునాటికి దాదాపుగా అంతరించెను. ఆవెరిల్ గొంతు ఈ పాటలో అరుపు గాదు, సంగీతజ్ఞులు మెచ్చు గానమును గాదు. ఆ రెంటి నడుమనున్న శోకము. అరచుటకై నేర్చిన గొంతు ఏడ్చుటకు పనికివచ్చినది. దాని నడక యేమి? తిశ్రగతియే! నృత్యపు లెక్క మందగించి శవయాత్ర లెక్క యైనది.

2007లో టు ది నేమ్‌లెస్ డెడ్ వెలువడెను. యుద్ధములలోను, సరిహద్దు తగవులలోను పేరు లేక నశించినవారికి దీనిని అంకితమనవచ్చును. మొదటి పాట 'ఎంపైర్ ఫాల్స్', సామ్రాజ్యపతనము. పాటలు సూటిగా, జనసమూహము గొంతు కలుపుటకు అనువుగా నున్నవి. కచేరీలలో వేలమంది పిడికిళ్లెత్తి పాడునది ఇదియే. ఇందొక చిక్కుకూడ కలదు. దేశాభిమానము, పూర్వుల రక్తము అను మాటలతో వేలమందిని ఊపు పాట కత్తివంటిది. ఎవరిపైకి దూయుదురో చూచుకొనవలయును. కడపటి పాట పేరునకు 'ఈ భూమిపై ఏ దేశమును గాదు' అని యర్థము. దేశము పేర గొంతెత్తినవారే ఆ దేశమను భావమును సంశయించుట నాకు సబబుగా తోచినది. మిత్రునికి ఈ ఆల్బమే శిఖరము. "పాతవన్నీ సాధన, ఇది సిద్ధి" అని ఆతని వాదము.

2011లో వచ్చిన రిడెంప్షన్ ఎట్ ది ప్యూరిటన్స్ హ్యాండ్ మరణమును, విశ్వాసమును ప్రశ్నించునది. 2014లో వచ్చిన వేర్ గ్రేటర్ మెన్ హావ్ ఫాలెన్ ధ్వనిలో ఇంకను భారీయైనది. 2018లో ఎగ్జైల్ అమాంగ్‌స్ట్ ది రూయిన్స్, 'శిథిలముల నడుమ ప్రవాసము', వచ్చినప్పుడు అభిమానులు రెండుగా చీలిరి. వెనుకటి ఆర్భాటము లేదు. ధ్వని పొడిబారి, వాద్యకులందరు ఒకే గదిలో కూర్చుండి వాయించినట్లుండును. 'స్టోలెన్ ఇయర్స్' వంటి పాటలో బరువుకన్న విషాదమే మెండు. మేనల్లుడును మిత్రుడును అన్ని విషయములందు కలహించినను, ఈ ఆల్బము చప్పగా నున్నదను మాటలో ఏకీభవించిరి. 2023లో పదవదియగు హౌ ఇట్ ఎండ్స్ వెలువడెను. 'సాంప్రదాయికము' అని అర్థమిచ్చు ఐరిష్ పేరుతో ఒక రచన అందు కలదు. వాదము మాత్రము ముగియలేదు.

అంతవరకు మాటాడక వినుచున్నది మేనల్లుని భార్య. ఆమె డబ్లిన్‌లో ఒక ఆసుపత్రియందు నర్సు. ఆమె మెల్లగా నిట్లనెను: "మామయ్యగారూ, ఈయన ఆ 2000 నాటి ఆల్బము కాలేజీ హాస్టల్లో మొదట విన్నారు. వారు 2007 నాటిది మొదట విన్నారు. ఎవరు మొదట విన్నది వారికి శిఖరము. నేను ఆ దేశము పోయినది 2018లో. రాత్రి డ్యూటీ ముగించి, తెల్లవారుజామున బస్సులో, ఈయన చెవికి పెట్టిన ఆ ప్రవాసపు పాటలు విన్నాను. నాకవి చప్పగా లేవు."

వసారాలో కొంతసేపు ఎవ్వరు పలుకలేదు. నేను నా మనసు పరీక్షించుకొంటిని. నాకు మిక్కిలి నచ్చినది శవపేటికల ఓడల పాటగల 2005నాటి ఆల్బము. నేను మొదట విన్నదియు అదియే! న్యాయాధిపతికూడ కక్షిదారులలో నొకడని తేలినది.

ఇక తీర్పు మాట. "వెనుకటి పాట మేలు" అని మనమనునప్పుడు వెనుకటి పాటను మెచ్చుచున్నామా, దానిని విన్ననాటి మన వయస్సును మెచ్చుచున్నామా అని మొదట ప్రశ్నించుకొనవలయును. ఆ వయస్సు మనకు ప్రియమైనదే. దానిని తిరిగి తెచ్చియిచ్చుట గాయకుని బాధ్యత గాదు. దీనినిబట్టి ప్రతి మార్పును గొప్పదే యనరాదు. మార్పును కొలుచుటకు నేను చెప్పగల కొలబద్ద ఇది: ఏమి మారెనని చూచుటతో ఆగక, ఏమి మారలేదో వినవలయును. ఈ బృందమున వేగము మారెను, అరుపు గానమాయెను, గానము శోకమాయెను. ఆ తిశ్రగతి ఊపును, అడుగున నిలిచిన శ్రుతియు, చచ్చిపోయినవారి తరపున మాటాడవలెనను పట్టుదలయు 1995నుండి 2023 వరకు విడువబడలేదు. మూలము నిలిచి రూపము మారినచో అది ఎదుగుదల. రూపము నిలిచి మూలము పోయినచో అది ఎంత నమ్మకముగ పాతదానిని పోలియున్నను పతనమే. ఈ లెక్కన 2018నాటి ఆల్బము నా మేనల్లుడనుకొన్న దానికన్న మేలైనది. అయినను కొన్ని పాటలు నిడివికి తగిన సారము లేనివని నేనును ఒప్పుకొందును.

ఈ సంగీతము వినదలచినవారికి ఒక చిన్న మనవి. పదింటిని ఒక్క దినమున వినవలదు. మొదట 2005నాటి ఓడల పాటను వినుడు. పిదప 1995నాటి తొలి ఆల్బమునకు పోయి, ఆ కుర్రతనపు అరుపులలో అదే ఊపును వెదకుడు. దొరకినపిమ్మట 2000, 2007, 2018 ఆల్బములను వరుసగా వినుడు. చేతితో తొడపై తాళము వేయుచు విన్నచో ధ్వని కర్కశత్వము వెనుకబడి నడక ముందునకు వచ్చును. చెవికి బాధగా నున్నచో ధ్వని తగ్గించుకొనుడు. కిటికీ మాత్రము మూయవలదు.

మొన్న డబ్లిన్‌నుండి మేనల్లుడు ఫోను చేసినప్పుడు, 2018నాటి ఆల్బమును భార్యతోకూడ ఆ తెల్లవారుజాము బస్సులో మరల వింటినని చెప్పెను. "ఎట్లున్నదిరా?" అని యడిగితిని. కొంచెము తడసి, "మామయ్యా, లెక్క అదే" అనెను.